ధాన్యం ఉన్నా రొట్టె దొరకలేదు: రష్యా విప్లవాల అసలు మూలాలు

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, ప్రపంచ మార్కెట్‌కు ధాన్యం అమ్మే దేశాల్లో రష్యాది మొదటి వరస. 1914లో యుద్ధం వచ్చి నల్లసముద్రం దారి మూసుకుపోయింది. ఎగుమతులు దాదాపు ఆగిపోయాయి. అంతకుముందు ఓడలెక్కి వెళ్లిపోయే గోధుమలు, బార్లీ ఇక దేశంలోనే ఉండిపోవాలి. ఆ లెక్కన తిండికి లోటు రాకూడదు. కానీ 1917 ఫిబ్రవరి నాటికి రాజధాని పెట్రోగ్రాడ్‌లో ఆడవాళ్లు రొట్టె కోసం గడ్డకట్టే చలిలో గంటల తరబడి క్యూలో నిలబడుతున్నారు. 300 ఏళ్ల రోమనోవ్ వంశ పాలనను కూల్చిన ఉద్యమం ఆ క్యూలలోంచే బయల్దేరింది.

ఈ చిక్కుముడి విప్పాలంటే పెట్రోగ్రాడ్‌ను వదిలి ఊళ్లలోకి వెళ్లాలి, యాభై అరవై ఏళ్లు వెనక్కి కూడా వెళ్లాలి. రష్యా విప్లవం అనగానే మనకు లెనిన్, ఆయన నడిపిన బోల్షివిక్ పార్టీ, అక్టోబర్ గుర్తుకొస్తాయి. నిజానికి అక్కడ జరిగింది ఒక విప్లవం కాదు, మూడు: 1905లో ఒకటి, 1917 ఫిబ్రవరిలో ఒకటి, అదే ఏడాది అక్టోబర్‌లో ఒకటి. మొదటి రెండూ ఏ పార్టీ పిలుపు కోసమూ ఎదురుచూడలేదు. మూడింటికీ కింద ఉన్నది ఒకటే సమస్య. రైతుల దగ్గర డబ్బూ ధాన్యమూ మనుషులనూ తీసుకుని దేశాన్ని ఆధునికం చేయాలనుకున్న రాజ్యం, వాళ్లకు భూమిని గానీ హక్కులను గానీ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పేదరికం వల్లే విప్లవం వచ్చిందని చెప్పేస్తే ఈ సంగతి మరుగున పడిపోతుంది. రష్యా అంతకుముందు శతాబ్దాల్లోనూ పేదదే.

(ఇక్కడి తేదీలు అప్పటి రష్యా పాత క్యాలెండర్ ప్రకారం ఉన్నాయి. 20వ శతాబ్దపు తేదీలకు 13 రోజులు కలిపితే ఇప్పటి క్యాలెండర్ తేదీ వస్తుంది.)

1861: విముక్తి, దానికో బిల్లు

1861 ఫిబ్రవరి 19న రష్యా చక్రవర్తి (జార్) రెండో అలెగ్జాండర్ సెర్ఫ్ వ్యవస్థను రద్దు చేశాడు. భూస్వాముల కింద ఉన్న 2 కోట్లకు పైగా మనుషులకు ఆ రోజుతో చట్టం దృష్టిలో స్వేచ్ఛ వచ్చింది. అప్పటిదాకా వాళ్లను భూమితో పాటు అమ్మేవాళ్లు, కొన్నిసార్లు భూమి లేకుండా కూడా అమ్మేవాళ్లు. వారంలో కొన్ని రోజులు దొర పొలంలో వెట్టి చేయాలి, పెళ్లికి కూడా దొర అనుమతి కావాలి. అలాంటి బతుకు నుంచి విడుదల చిన్న విషయం కాదు.

అయితే రైతులు ఎదురుచూసింది ఇంకొకటి. తరతరాలుగా తాము దున్నుతున్న భూమి తమదేనని వాళ్ల గట్టి నమ్మకం. దొరకు తమ మీద హక్కు ఉండొచ్చేమో గానీ, భూమి మాత్రం దాని మీద చెమటోడ్చే వాళ్లదేనని అనుకునేవాళ్లు. ప్రభుత్వం చేసింది వేరు. భూమిలో ఒక భాగాన్ని రైతులకు ఇచ్చి, దానికి వెల కట్టింది. ఆ వెల చాలాచోట్ల మార్కెట్ ధర కంటే ఎక్కువ. అందులో దాదాపు 80 శాతాన్ని ప్రభుత్వమే బాండ్ల రూపంలో భూస్వాములకు చెల్లించింది. ఆ మొత్తాన్ని రైతులు 6 శాతం చొప్పున 49 ఏళ్ల పాటు ప్రభుత్వానికి కట్టాలి. అంటే 1861లో ఉన్న రైతు చేసిన అప్పు అతని మనవడి దాకా వచ్చింది.

పైగా సారవంతమైన నల్లనేల ప్రాంతాల్లో రైతులు అంతకుముందు సాగు చేసుకుంటున్న భూమిలోంచి ఐదో వంతు దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, దొరల వాటాలోకి పోయింది. అలా కోసేసిన ముక్కల్లో పచ్చిక బయళ్లు ఉండేవి, అడవి ఉండేది, పశువులు నీళ్లకు వెళ్లే దారులు ఉండేవి. వాటిని వాడుకోవాలంటే మళ్లీ దొర దగ్గరికే వెళ్లాలి. కౌలు కట్టాలి, లేదా అతని పొలంలో పని చేసిపెట్టాలి. పాత వెట్టి కాగితం మీద పోయింది, చాలా ఊళ్లలో అవసరం రూపంలో నిలబడిపోయింది.

ఇంకో సంగతి. ఇచ్చిన భూమి ఒక్కో రైతు పేరు మీదికి రాలేదు, ఊరి ఉమ్మడి సంఘానికి వచ్చింది. దాన్ని 'మీర్' అనేవాళ్లు. పొలాన్ని సన్నటి చెక్కలుగా విడగొట్టి, నేల రకాన్ని బట్టి అన్ని కుటుంబాలకూ అక్కడో చెక్క ఇక్కడో చెక్క పంచేవాళ్లు. చాలాచోట్ల కొన్నేళ్లకోసారి ఇంట్లో మనుషుల లెక్క చూసి మళ్లీ పంపకం జరిగేది. పన్నులకూ భూమి బాకీకీ ఊరంతా ఉమ్మడిగా జవాబుదారీ. ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్లు కట్టాలి. అందుకే ఊరు విడిచి పనికి వెళ్లాలన్నా సంఘం అనుమతితో పాస్‌పోర్ట్ తీసుకోవాలి. ఈ ఉమ్మడి బాధ్యత 1903 దాకా కొనసాగింది. రైతు తప్పు చేస్తే గ్రామ స్థాయి కోర్టు కొరడా దెబ్బలు వేయించే అధికారం 1904 దాకా ఉంది. మిగతా ప్రజలకు ఒక చట్టం, రైతుకు ఇంకో చట్టం. 1889 నుంచి 'భూమి అధికారి' హోదాలో స్థానిక కులీనులనే ఊళ్ల మీద పెత్తందారులుగా నియమించారు. ఆర్థిక కష్టాల చర్చలో ఈ అవమానం లెక్కలోకి రాదు గానీ, ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చాక కూడా పెరిగిన మగవాణ్ణి ఊరి ముందు కొట్టించడం ఎలాంటి కోపాన్ని మిగిలిస్తుందో ఊహించడం కష్టం కాదు.

భూమి పెరగలేదు, మనుషులు పెరిగారు

ఈ చట్రంలోనే జనాభా ఒక్కసారిగా పెరిగింది. 1897 జనాభా లెక్కల ప్రకారం సామ్రాజ్యంలో 12 కోట్ల 56 లక్షల మంది ఉన్నారు. ప్రతి పది మందిలో ఎనిమిదికి పైగా ఊళ్లలోనే బతికేవాళ్లు. రాయడం చదవడం వచ్చినవాళ్లు ఐదో వంతు మాత్రమే. 1860లో ఒక్కో మగ రైతుకు సగటున సుమారు 13 ఎకరాల వాటా వచ్చేది. 1900 నాటికి అది 7 ఎకరాలకు పడిపోయింది.

ఏడెకరాలంటే తెలుగు రైతుకు తక్కువేమీ కాదు అనిపిస్తుంది. కానీ రష్యా మధ్య ప్రాంతంలో నేల పనికొచ్చేది ఏడాదికి ఐదారు నెలలే. మిగతా కాలమంతా మంచు. రెండో పంట అన్న మాటే లేదు. మూడు చేల పద్ధతిలో ఎప్పుడూ మూడో వంతు పొలం పడావుగా వదిలేయాలి. చాలాచోట్ల ఇంకా చెక్క నాగళ్లే వాడేవాళ్లు. పశువులు తక్కువ కాబట్టి ఎరువు తక్కువ. ఎకరా దిగుబడి జర్మనీతో పోలిస్తే సగం కూడా ఉండేది కాదు. ఆ పంటలోంచే భూమి బాకీ, పన్నులు, విత్తనం, చలికాలపు తిండి అన్నీ వెళ్లాలి. అదనంగా కాస్త నేల కావాలంటే దొర దగ్గర కౌలుకు తీసుకోవాలి. భూమి కోసం పోటీ పెరిగేకొద్దీ కౌలు పెరుగుతూ పోయింది.

1891లో వోల్గా పరిసరాల్లోనూ నల్లనేల జిల్లాల్లోనూ వానలు మోసం చేశాయి. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ కరువు, దాని వెంటే వచ్చిన కలరా, టైఫస్ కలిసి నాలుగైదు లక్షల మందిని పొట్టన పెట్టుకున్నాయి. అప్పటి ఆర్థిక మంత్రి విష్నెగ్రాద్‌స్కీ విధానం ఏమిటంటే, పంట రాగానే పన్నులు వసూలు చేయాలి. అప్పుడు రైతు చేతిలో ఉన్న ధాన్యాన్ని వచ్చిన ధరకు అమ్ముకోక తప్పదు, ఆ ధాన్యం ఎగుమతి అవుతుంది, బంగారం ఖజానాకు వస్తుంది. 'మనం తిన్నా తినకపోయినా ఎగుమతి చేద్దాం' అన్న ధోరణిలో ఆయన పేరు మీద ఒక మాట దేశమంతా పాకింది. ఊరి గాదెల్లో నిల్వ లేకుండా పోయిన తర్వాత కరువు వచ్చింది. ఎగుమతుల మీద నిషేధం కూడా ఆలస్యంగా పెట్టారు. సహాయానికి చివరికి ప్రభుత్వం జనాన్నే పిలవాల్సి వచ్చింది. జెమ్‌స్త్వోలనే స్థానిక సంస్థలు, డాక్టర్లు, టీచర్లు, విద్యార్థులు ఊళ్లకు వెళ్లారు. ఊళ్లలో చూసినది వాళ్లలో చాలామందిని జీవితాంతం ప్రభుత్వానికి ఎదురు నిలిపింది. రష్యా మధ్యతరగతి రాజకీయాలకు ఆ కరువే మలుపు అని చెప్పుకోవచ్చు.

రైతు నిజంగా ఏటికేడు చితికిపోయాడా లేదా అన్న దాని మీద చరిత్రకారుల మధ్య ఇప్పటికీ వాదన ఉంది. తలసరి ధాన్యం వినియోగం మొత్తం మీద కొంత పెరిగిందని, పరోక్ష పన్నులు ఎక్కువ రావడానికి జనం ఎక్కువ కొనడం కూడా ఒక కారణమని లెక్కలు చూపించేవాళ్లున్నారు. ఆ వాదనలో నిజం ఉంది. పశ్చిమ సైబీరియాలోనూ దక్షిణ మైదానాల్లోనూ బాగుపడ్డ రైతులు ఉన్నారు. కానీ సగటు అంకె మధ్య నల్లనేల జిల్లాల పరిస్థితిని దాచేస్తుంది. తిరుగుబాట్లు జరిగింది సగటు ఊళ్లో కాదు, సరాతోవ్, తంబోవ్, కూర్స్క్ లాంటి చోట్ల. అక్కడ రైతు కిటికీలోంచి చూస్తే దొర పొలం కనిపించేది. రైతు అడిగిన ప్రశ్న మనం పోయినేడాది కంటే బాగున్నామా అని కాదు, ఆ పొలం ఎవరిది అని.

ఫ్యాక్టరీలు ఎవరి డబ్బుతో లేచాయి

1892 నుంచి 1903 దాకా ఆర్థిక మంత్రిగా ఉన్న సెర్గేయ్ విట్టే రష్యాను పరుగులు పెట్టించాడు. రైల్వే లైన్ల పొడవు 1890లో సుమారు 30,000 కిలోమీటర్లు ఉంటే 1914 నాటికి 70,000 కిలోమీటర్లకు చేరింది. 1891లో మొదలైన ట్రాన్స్‌సైబీరియన్ రైల్వే ఇందులో పెద్ద పని. 1897లో రూబుల్‌ను బంగారానికి ముడిపెట్టారు. దాంతో ఫ్రాన్స్, బెల్జియం, బ్రిటన్ పెట్టుబడులు వరదలా వచ్చాయి. దొనెత్స్ బొగ్గు గనుల ప్రాంతంలో వేల్స్ నుంచి వచ్చిన జాన్ హ్యూస్ పెట్టిన ఇనుము ఫ్యాక్టరీ చుట్టూ యూజోవ్కా అనే ఊరే వెలిసింది. బకూ చమురు బావుల్లో నోబెల్ సోదరులు పెట్టుబడి పెట్టారు. 1900 ప్రాంతంలో ప్రపంచం మొత్తం తీసే చమురులో దాదాపు సగం ఒక్క బకూ నుంచే వచ్చేది.

ఇది నిజమైన అభివృద్ధే. కానీ విదేశీ అప్పుల మీద వడ్డీ బంగారంలో కట్టాలి, బంగారం కావాలంటే ధాన్యం ఎగుమతి ఆగకూడదు. ఖజానాకు ఎక్కువ రాబడి ఆదాయపు పన్ను నుంచి వచ్చేది కాదు. చక్కెర, టీ, కిరోసిన్, అగ్గిపెట్టెల మీద వేసిన పరోక్ష పన్నుల నుంచి, 1895 నుంచి ప్రభుత్వమే గుత్తగా అమ్మడం మొదలుపెట్టిన వోడ్కా నుంచి వచ్చేది. యుద్ధం ముందు రోజుల్లో రాజ్యం ఆదాయంలో నాలుగో వంతు వోడ్కాదే. విదేశీ సరుకుల మీద 1891లో పెంచిన దిగుమతి సుంకాల వల్ల ఇనుప నాగలి, మేకులు, బట్ట అన్నీ రైతుకు ఎక్కువ ధరకే దొరికేవి. ఫ్యాక్టరీ కట్టడానికి ఖర్చు పెట్టింది ఊరు, దాని ఫలితం ఊరికి చేరడం మాత్రం బాగా ఆలస్యమైంది.

ఆ ఫ్యాక్టరీలలో చేరినదీ ఊరివాళ్లే. కార్మికుడి పాస్‌పోర్ట్‌లో 'రైతు' అనే రాసి ఉండేది. భార్యాపిల్లలు చాలాసార్లు ఊళ్లోనే ఉండేవాళ్లు. జీతంలో కొంత ఊరి పన్నుకు పంపాలి, కోతలకు కొందరు తిరిగి వెళ్లేవాళ్లు. అందుకే ఊరి కోపం పట్నానికి వచ్చింది, పట్నం కరపత్రం ఊరికి వెళ్లింది. రైతులు వేరు, కార్మికులు వేరు అని గీత గీసి చూస్తే రష్యా అర్థం కాదు.

ఫ్యాక్టరీల పరిమాణం ఇంకో విశేషం. పరిశ్రమ ఆలస్యంగా, రాజ్యం ఆర్డర్ల మీద, విదేశీ యంత్రాలతో వచ్చింది కాబట్టి మొదటి నుంచే భారీగా వచ్చింది. 1914 నాటికి పారిశ్రామిక కార్మికుల్లో 40 శాతానికి పైగా వెయ్యి మంది దాటిన ఫ్యాక్టరీల్లోనే ఉన్నారు. అమెరికాలో అప్పటికి ఆ వాటా 20 శాతం లోపే. రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని (1914లో దీని పేరే పెట్రోగ్రాడ్‌గా మారింది) పుతీలోవ్ ఫ్యాక్టరీలో ఒక్క చోటే వేలాది మంది పనిచేసేవాళ్లు, అదీ జార్ ప్యాలెస్‌కు నడిచి వెళ్లేంత దూరంలో. దేశం మొత్తంలో కార్మికుల సంఖ్య తక్కువే. కానీ వాళ్లు ఉన్న చోటు దేశానికి ఆయువుపట్టు. వాళ్లు పని ఆపితే ప్రభుత్వానికి అదే రోజు తెలిసేది.

వాళ్ల బతుకు ఎలా ఉండేదో ఇన్‌స్పెక్టర్ల రిపోర్టులే చెబుతాయి. ఫ్యాక్టరీ బ్యారక్‌లలో బల్ల మంచాలు, ఒకే మంచం మీద పగలు షిఫ్ట్ మనిషి రాత్రి, రాత్రి షిఫ్ట్ మనిషి పగలు పడుకోవడం. గది అద్దెకు తీసుకోలేనివాళ్లు గదిలో ఒక మూలను అద్దెకు తీసుకునేవాళ్లు. జరిమానాల పేరుతో జీతం కోత. 1885లో ఒరేఖొవో-జూయెవోలోని మొరోజొవ్ బట్టల మిల్లులో పెద్ద సమ్మె జరిగింది ఆ జరిమానాల మీదే. మరుసటి ఏడాదే జరిమానాలకు హద్దు పెడుతూ చట్టం తెచ్చారు. 1896లో పీటర్స్‌బర్గ్ బట్టల మిల్లుల సమ్మె తర్వాత పనిగంటలను రోజుకు పదకొండున్నరకు పరిమితం చేస్తూ 1897లో ఇంకో చట్టం వచ్చింది. కార్మికులు దీనిలోంచి ఒక పాఠం నేర్చుకున్నారు: అడిగితే రాదు, పని ఆపితేనే వస్తుంది. అయితే సమ్మె చేయడం నేరం, యూనియన్ పెట్టుకోవడం నేరం. జీతం మీద గొడవ మొదలైనా ఎదురుగా నిలబడేది యజమాని కాదు, పోలీసు. రెండు రూబుళ్ల తగాదా కూడా చూస్తుండగానే రాజ్యంతో తగాదాగా మారేది.

1905

ఈ పరిస్థితిలో పోలీసు శాఖే ఒక ప్రయోగం చేసింది. జుబాతొవ్ అనే పోలీసు అధికారి తమ కనుసన్నల్లో నడిచే కార్మిక సంఘాలను ప్రోత్సహించాడు. 1903లో దక్షిణాన సమ్మెలు చేయి దాటిపోవడంతో ఆ ప్రయోగం మూలపడింది గానీ, అదే దారిలో ఫాదర్ గపోన్ అనే మతగురువు పీటర్స్‌బర్గ్‌లో కట్టిన సంఘం మాత్రం పెరిగింది. 1904 చివర్లో ఆ సంఘానికి చెందిన నలుగురు కార్మికులను పుతీలోవ్‌లో పనిలోంచి తీసేశారన్న గొడవ నగరమంతా సమ్మెగా మారింది. 1905 జనవరి 9, ఆదివారం, దేవుడి పటాలూ జార్ ఫొటోలూ పట్టుకుని, పిల్లాపాపలతో వేలాది కార్మికులు వింటర్ ప్యాలెస్ వైపు నడిచారు. సైన్యం కాల్పులు జరిపింది. వందమందికి పైగా చనిపోయారని ప్రభుత్వమే ఒప్పుకుంది.

వాళ్లు తీసుకెళ్లిన అర్జీలో ఏముందో చూడాలి. 8 గంటల పని, ఓవర్‌టైమ్‌కు హద్దు, సమ్మె హక్కు, ఎన్నికైన సభ. వీటితో పాటు 1861 నాటి భూమి బాకీ రద్దు, చౌక అప్పులు, భూమిని క్రమంగా జనానికి బదిలీ చేయడం కూడా అందులో ఉన్నాయి. పట్నం కార్మికులు ప్రాణాలకు తెగించి పట్టుకెళ్లిన కాగితంలో ఊరి డిమాండ్లు ఉండటం కంటే పెద్ద సాక్ష్యం ఇంకేం కావాలి?

అప్పటికే జపాన్‌తో యుద్ధంలో రష్యా ఓడిపోతూ ఉంది. ఆ తర్వాత సంఘటనలు వేగంగా జరిగాయి. ఇవానొవొ-వొజ్నెసెన్‌స్క్ పట్టణంలోని బట్టల కార్మికులు మే నెలలో సమ్మె నడపడానికి ప్రతినిధుల సభ ఎన్నుకున్నారు. సోవియట్ అనే రూపం ఇలా కింది నుంచి పుట్టింది. జూన్‌లో పొతెమ్‌కిన్ అనే యుద్ధనౌకలో తిరుగుబాటు, అక్టోబర్‌లో రైళ్లను కూడా ఆపేసిన దేశవ్యాప్త సమ్మె. అక్టోబర్ 17న జార్ రెండో నికొలస్ పౌరహక్కులు, డ్యూమా అనే చట్టసభ ఇస్తానని ప్రకటించాడు. ఉదారవాదులు చాలామంది దానితో శాంతించారు. ఊళ్లు శాంతించలేదు. ఆ శీతాకాలంలో దొరల భవనాలు వేల సంఖ్యలో తగలబడ్డాయి. ఆ పని చేసింది విడివిడి ముఠాలు కాదు, చాలాచోట్ల గ్రామ సంఘం కూర్చుని తీర్మానం చేసి, బండ్లు కట్టుకుని అందరూ కలిసి వెళ్లారు. ఇల్లు కాలిస్తే దొర మళ్లీ తిరిగి రాడని వాళ్ల లెక్క.

ప్రభుత్వం చేతిలో ఇంకా నమ్మకమైన సైన్యం ఉంది, ఫ్రాన్స్ అప్పు ఉంది. అందుకే 1905లో నిలబడగలిగింది. భూమి బాకీ చెల్లింపులను 1907 నుంచి పూర్తిగా రద్దు చేశారు. ఇది విప్లవం సాధించిన నిజమైన ఫలితం. కానీ 1906లో సమావేశమైన మొదటి డ్యూమా భూస్వాముల భూమిని పంచే చర్చకు రాగానే దాన్ని 72 రోజులకే రద్దు చేశారు. 1907 జూన్ 3న ఎన్నికల చట్టం మార్చి భూస్వాములకు మెజారిటీ దక్కేలా చూసుకున్నారు. భూమి సమస్యను చట్టసభలో తేల్చుకునే దారి అక్కడితో మూసుకుపోయింది. 1917కు వెళ్లే దారిలో అతి పెద్ద తప్పు ఇదేనని చెప్పాలి.

స్తొలీపిన్ పందెం

ప్రధాని స్తొలీపిన్ తెలివైనవాడు, క్రూరుడు కూడా. 1906 ఆగస్టులో పెట్టిన సైనిక కోర్టులు కొన్ని నెలల్లోనే వెయ్యి మందికి పైగా ఉరి తీయించాయి. అదే సమయంలో నవంబర్ 9 శాసనంతో రైతు గ్రామ సంఘం నుంచి బయటికి వచ్చి తన చెక్కలను సొంత పట్టాగా మార్చుకునే హక్కు ఇచ్చాడు. సొంత ఆస్తి ఉన్న గట్టి రైతులు తయారైతే వాళ్లే జార్‌కు అండగా ఉంటారన్నది ఆయన ఆలోచన. 20 ఏళ్ల శాంతి ఇస్తే రష్యాను గుర్తుపట్టలేరన్నాడు. దొరికింది అందులో సగం కూడా లేదు. 1911లో కీవ్‌లో ఆయన హత్య జరిగింది, 1914లో యుద్ధం వచ్చింది. అప్పటికి 20 లక్షలకు పైగా కుటుంబాలు సంఘాల నుంచి బయటికి వచ్చాయి, 30 లక్షలకు పైగా జనం సైబీరియాకు వలస వెళ్లారు, కొందరు తిరిగి వచ్చేశారు కూడా.

కాలం చాలకే ఈ సంస్కరణ విఫలమైందని చాలామంది అంటారు. అసలు లోపం అది కాదనిపిస్తుంది. స్తొలీపిన్ రైతుల భూమినే రైతుల మధ్య కొత్తగా సర్దాడు, దొరల భూమి జోలికి పోలేదు. ఊరు అడిగింది మాత్రం దొరల భూమి. బయటికి వెళ్లిన వాళ్ల మీద ఊళ్లో పగ మిగిలింది. 1917లో దొరల పొలాలతో పాటు వీళ్లలో చాలామంది పొలాలను కూడా సంఘాలు తిరిగి కలిపేసుకున్నాయి.

పట్నాలలోనూ ప్రశాంతత ఎంతోకాలం నిలవలేదు. 1912 ఏప్రిల్ 4న సైబీరియాలోని లేనా బంగారు గనుల్లో కుళ్లిన మాంసం పెట్టినందుకు మొదలైన సమ్మె మీద సైన్యం కాల్పులు జరిపి 150 మందికి పైగా చంపింది. డ్యూమాలో అడిగినప్పుడు హోం మంత్రి మకారొవ్ జవాబు: 'ఇప్పటిదాకా అలాగే జరిగింది, ఇకముందూ అలాగే జరుగుతుంది.' ఆ ఏడాది నుంచి సమ్మెలు మళ్లీ ఉప్పెనలా వచ్చాయి. 1914 జులైలో ఫ్రాన్స్ అధ్యక్షుడు అతిథిగా వచ్చిన రోజుల్లోనే రాజధానిలో కార్మికులు బారికేడ్లు కట్టారు. యుద్ధం లేకపోతే విప్లవం వచ్చేది కాదని కచ్చితంగా చెప్పేవాళ్లు ఈ జులైని గుర్తుంచుకోవాలి.

యుద్ధంలో ధాన్యం ఎక్కడికి పోయింది

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. యుద్ధంలో సుమారు కోటిన్నర మందిని సైన్యంలోకి తీసుకున్నారు. ఊళ్లలో పనిచేయగల మగవాళ్లలో దాదాపు సగం మంది వెళ్లిపోయారు. వాళ్లతో పాటు లక్షల గుర్రాలు పోయాయి. విచిత్రం ఏమిటంటే రైతు కుటుంబాలు దీన్ని కొంతవరకు తట్టుకున్నాయి. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు కలిసి సొంత చెక్కలు దున్నుకున్నారు. ముందుగా దెబ్బతిన్నవి కూలీల మీద ఆధారపడే పెద్ద కమతాలు. పట్నాలకూ ఎగుమతికీ వెళ్లే ధాన్యంలో పెద్ద భాగం వచ్చేది వాటి నుంచే. దేశంలో పండింది మరీ తగ్గలేదు, అమ్మకానికి వచ్చేది తగ్గిపోయింది.

రైతు మాత్రం ఎందుకు అమ్మాలి? ఫ్యాక్టరీలన్నీ తుపాకులకూ గుళ్లకూ మళ్లాయి. మేకులు, కొడవళ్లు, బట్ట, కిరోసిన్ దొరకడం మానేశాయి, దొరికినా ధర ఆకాశంలో ఉంది. ధాన్యం అమ్మితే చేతికొచ్చే కాగితం డబ్బుతో కొనడానికి ఏమీ లేదు. ఆ డబ్బు విలువ కూడా నెలనెలా పడిపోతోంది. యుద్ధం మొదలవగానే ప్రభుత్వం వోడ్కా అమ్మకం ఆపేసింది, అంటే తన ఆదాయంలో నాలుగో వంతును తానే వదులుకుంది. బంగారానికి ముడి తెంచి నోట్లు అచ్చువేసింది. 1914లో చలామణిలో ఉన్న నోట్లు దాదాపు 160 కోట్ల రూబుళ్లవి, 1917 మొదట్లో 900 కోట్లు దాటాయి. సైన్యం కోసం ధాన్యానికి ప్రభుత్వం ధర కట్టింది, 1916 సెప్టెంబర్‌లో ఆ కట్టుడు ధరను అన్ని అమ్మకాలకూ వర్తింపజేసింది. అమ్మేదానికి ధర కట్టి, కొనేదానికి కట్టకపోతే ఎవరైనా చేసే పనే రైతు చేశాడు. ధాన్యాన్ని దాచుకున్నాడు, పశువులకు పెట్టాడు, వోడ్కా లేదు కాబట్టి ఇంట్లోనే సారా కాచాడు. 1916 చివర్లో వ్యవసాయ మంత్రి రిట్టిఖ్ ఒక్కో జిల్లాకు ఇంత అని కోటా పెట్టి ధాన్యం వసూలు చేయాలని చూశాడు. ధాన్యం లెవీ బోల్షివిక్కులు కనిపెట్టింది అనుకుంటారు గానీ, మొదట పెట్టింది జార్ మంత్రే.

వచ్చిన ధాన్యమైనా సమయానికి చేరేది కాదు. ధాన్యం పండేది దక్షిణాన, తినేవాళ్లు ఉత్తరాన. మధ్యలో ఉన్న రైళ్లు సైన్యానికి సరుకు మోయడంలోనే అరిగిపోయాయి. 1917 శీతాకాలపు చలికి ఇంజన్లు పాడయ్యాయి. పెట్రోగ్రాడ్ జనాభా యుద్ధ పరిశ్రమల వల్లా కాందిశీకుల వల్లా 24 లక్షల దాకా పెరిగింది. జీతాలు పెరిగాయి, ధరలు అంతకంటే వేగంగా పెరిగాయి. పన్నెండు గంటల షిఫ్ట్ అయ్యాక తెల్లవారుజాము నుంచి రొట్టె షాపు ముందు నిలబడాల్సింది ఆడవాళ్లే. మగవాళ్లు సైన్యంలోకి పోవడంతో ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల సంఖ్యా బాగా పెరిగింది. క్యూలలో కూడుతున్న కోపం గురించి రహస్య పోలీసులు 1916 అక్టోబర్ నాటికే పైవాళ్లకు హెచ్చరికలు రాశారు.

ఫిబ్రవరి 22న పుతీలోవ్ యాజమాన్యం లాకౌట్ ప్రకటించింది. రొట్టెకు రేషన్ పెడతారన్న వదంతితో షాపుల మీద తాకిడి పెరిగింది. 23న అంతర్జాతీయ మహిళా దినం. వీబొర్గ్ పేటలోని బట్టల మిల్లుల ఆడవాళ్లు పని ఆపి, పక్క ఇనుము ఫ్యాక్టరీల కిటికీల కింద నిలబడి మగవాళ్లను బయటికి పిలిచారు. ఆ రోజు సమ్మె వద్దని పార్టీల కార్యకర్తలే చెప్పారు, వాళ్లు వినలేదు. మూడో రోజుకు సమ్మెలో 2 లక్షలకు పైగా ఉన్నారు. 27న వొలీన్‌స్కీ రెజిమెంట్ సైనికులు జనం మీద కాల్చబోమని తిరగబడ్డారు. నగరంలోని సైనికుల్లో ఎక్కువమంది కొత్తగా వచ్చిన రైతు కుర్రాళ్లు, కుటుంబాలను వదిలొచ్చిన నడివయసు రైతులు. 1905లో కాల్చిన సైన్యానికీ ఈ సైన్యానికీ తేడా అదే. మార్చి 2న జార్ సింహాసనం వదులుకున్నాడు.

ఎనిమిది నెలలు

జార్ పోయాక ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం పౌరహక్కులు ఇచ్చింది, రాజకీయ ఖైదీలను వదిలింది. పెట్రోగ్రాడ్ యజమానులు మార్చిలో 8 గంటల పనికి ఒప్పుకున్నారు. మిగతావన్నీ ప్రభుత్వం రాజ్యాంగ సభ వచ్చాక చూద్దామని వాయిదా వేసింది. ఊరికి వాయిదా అంటే ఏమిటో 1861 నుంచీ తెలుసు. భూమి పంచకపోవడానికి ప్రభుత్వానికి తన కారణాలు ఉన్నాయి. పంపకం మొదలైతే వాటా కోసం సైనికులు ఫ్రంట్ వదిలి వచ్చేస్తారు. భూములు బ్యాంకుల్లో తాకట్టులో ఉన్నాయి కాబట్టి బ్యాంకులు కూలుతాయి. యుద్ధం ఆపకుండా భూమి పంచడం కుదరదు, యుద్ధం ఆపడానికి వాళ్లు సిద్ధంగా లేరు. జూన్‌లో కొత్త దాడి మొదలుపెట్టి ఓడిపోయారు.

ధాన్యం విషయంలో పాత చిక్కే కొనసాగింది. మార్చి 25న ధాన్యం వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తెచ్చారు. రైతుకు కావాల్సిన సరుకు మాత్రం చూపించలేకపోయారు. ధర పెంచబోమని చెబుతూ వచ్చి ఆగస్టు చివర్లో ఒక్కసారిగా రెట్టింపు చేశారు. ముందుగా ఇచ్చినవాడు మోసపోయాడు, దాచుకున్నవాడు లాభపడ్డాడు. పట్నంలో ఫ్యాక్టరీలు మూతపడుతుంటే కార్మికుల కమిటీలు ముడిసరుకు లెక్కలు చూపించమని యజమానుల మీద ఒత్తిడి తెచ్చాయి. మాస్కో పారిశ్రామికవేత్త ర్యబుషిన్‌స్కీ ఆకలి ఎముకల చేయి వచ్చి వీళ్ల గొంతు పట్టుకుంటేనే దారికొస్తారన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాట ప్రతి ఫ్యాక్టరీకీ చేరింది. మూతపడటం కుట్రేనని కార్మికులు నమ్మారు.

ఊళ్లు ఇక ఎదురుచూడలేదు. వసంతంలో దొరల అడవుల్లో కట్టె కొట్టడం, పచ్చికలో పశువులు తోలడం, కౌలు తామే తగ్గించుకోవడంతో మొదలుపెట్టి, శరత్కాలం నాటికి భూములు, పశువులు, పనిముట్లు పంచుకోవడం దాకా వచ్చారు. సెప్టెంబర్‌లో తంబోవ్ ప్రాంతంలో వరసగా భవనాలు తగలబడ్డాయి. ఫ్రంట్ నుంచి పారిపోయి వచ్చిన సైనికులు తుపాకులతో ముందు నడిచారు. అక్టోబర్ 25న బోల్షివిక్కులు పెట్రోగ్రాడ్‌లో అధికారం తీసుకునేసరికి సగం దేశంలో భూస్వామ్యం అప్పటికే కూలుతోంది. మర్నాడు సోవియట్ మహాసభ ఆమోదించిన భూమి శాసనానికి ఆధారం బోల్షివిక్ కార్యక్రమం కాదు. అది సోషలిస్ట్ రివల్యూషనరీలనే పార్టీ ప్రభావంలో ఉన్న రైతు సోవియట్ల పత్రిక, ఊళ్ల నుంచి వచ్చిన 242 విన్నపాలను కలిపి తయారుచేసిన పత్రం. సొంత ఆస్తి రద్దు, భూమి అమ్మకం నిషేధం, దున్నేవాళ్ల మధ్య సమ పంపకం. రైతు మాటనే లెనిన్ శాసనం చేశాడు. ఎందుకలా అని సొంత పార్టీలోనే కొందరు అడిగినప్పుడు, జనం తీర్మానాన్ని కాదనే హక్కు మనకు లేదన్న అర్థంలో జవాబిచ్చాడు.

నవంబర్‌లో జరిగిన రాజ్యాంగ సభ ఎన్నికల్లో ఊళ్లు సోషలిస్ట్ రివల్యూషనరీలకు ఓటు వేశాయి. దేశం మొత్తంలో వాళ్లకు సుమారు 40 శాతం, బోల్షివిక్కులకు సుమారు 24 శాతం ఓట్లు వచ్చాయి. పెట్రోగ్రాడ్, మాస్కో, పశ్చిమ ఫ్రంట్‌లోని సైనికులు మాత్రం బోల్షివిక్కుల వైపు నిలిచారు. రైతులు భూమి శాసనాన్ని తీసుకున్నారు, దాన్ని ఇచ్చిన పార్టీకి ఓటు ఇవ్వలేదు. ఆ సభను 1918 జనవరిలో ఒక్క రోజు సమావేశం తర్వాత మూసేశారు. పట్నానికి ధాన్యం ఎలా వస్తుందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఇనుప సామాను లేదు, బట్ట లేదు, నోటుకు విలువ లేదు. 1918 మే నెలలో కొత్త ప్రభుత్వం ధాన్యం కోసం ఊళ్ల మీదికి సాయుధ కార్మిక దళాలను పంపడం మొదలుపెట్టింది.